పేరు తెలియని గాయని ఎక్కడ దొరుకుతుంది? యాప్, బ్యాండ్‌క్యాంప్, రేడియో, సభ: ఏది మేలు

విశాఖలో పాట వినేవాళ్లకి కొదవ లేదు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లలో చాలామంది చెవుల్లో ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది. వాళ్లని ఆపి, "సినిమాల్లో పాడని ఆడవాళ్లలో ఇప్పుడు ఎవరిని వింటున్నారు?" అని అడిగి చూడండి. సుశీలమ్మ మన పక్క విజయనగరం ఆవిడే కదా అంటారు, జానకమ్మ పేరు వస్తుంది, చిత్ర పేరు వస్తుంది. ఆ తర్వాత తడుముకోవడమే. తప్పు వాళ్లది కాదు. తెలుగులో పాట అంటే సినిమా పాట అని మన చెవి ఏనాడో ఒప్పేసుకుంది. బయట పాడేవాళ్లు లేక కాదు, వాళ్ల దాకా తీసుకెళ్లే దారి తెలియక.

నాకు తెలిసి దారులు నాలుగు. పాటల యాప్ మనకి వడ్డించేది వినడం, పాడినవాళ్లే తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్ లాంటి చోట వెతికి కొనుక్కోవడం, రేడియో, కచేరీలు జరిగే సభ. యూట్యూబ్ వీటన్నిటిలోనూ కాలు పెడుతుంది కాబట్టి దాన్ని విడిగా లెక్కపెట్టను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: కొత్త గొంతుని మొదటిసారి కనిపెట్టడానికి యాప్ ఈ నాలుగింటిలో ఆఖరిది. దొరికిన గొంతుని పట్టుకుని ఇంకా లోపలికి వెళ్లడానికి మాత్రం దానికి సాటి లేదు.

యాప్ సంగతి. స్పాటిఫై మన దేశానికి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. సోమవారం సోమవారం ముప్పై పాటలు తెచ్చి పెట్టే డిస్కవర్ వీక్లీ 2015 నుంచే ఉంది. అది పనిచేసే తీరు స్థూలంగా ఇది: మీరు విన్న పాటలు ఇంకెవరెవరు విన్నారో చూస్తుంది, వాళ్లు విని మీరు విననివి మీ ముందు పెడుతుంది. పెళ్లికి వెళ్తే తెలిసినవాళ్ల పక్కనే కుర్చీ వేసే మేనమామ లాంటిది. హాయిగానే ఉంటుంది, కొత్త పరిచయం మాత్రం కాదు. అసలు తిరకాసు ఇంకోటి. వందమంది కూడా వినని గాయనికి ఈ లెక్కలో పక్కింటివాళ్లే ఉండరు. ఆవిడని ఎవరి పాట వెనక పెట్టాలో యంత్రానికి తెలియదు. కాబట్టి అది మీకు "ఎవరికీ తెలియని గాయని" అని తెచ్చిచ్చేది, అలాంటి గాయనుల్లో బాగా తెలిసినవాళ్లని.

అదెలాగంటారా? పాత ఇంగ్లీషు ఫోక్‌లో మరుగున పడిన ఆడగొంతులు కావాలని కాస్త తిరగండి. కోనీ కాన్వర్స్, వష్టి బన్యన్, సిబిల్ బయర్ ఈ ముగ్గురూ వరసగా వచ్చి కూర్చుంటారు. ముగ్గురూ అద్భుతమే, ఆ మాట కాదనను. అయితే వాళ్లని వెలికితీసింది ఎవరు? కోనీ కాన్వర్స్‌ని 1954లో జీన్ డైచ్ అనే యానిమేటర్ తన ఇంట్లో టేపు మీద రికార్డు చేసుకున్నాడు. ఆవిడ పాటలు అప్పట్లో బయటికి రాలేదు. 1974లో కారెక్కి వెళ్లిపోయింది, ఏమైందో ఎవరికీ తెలియదు. 2004లో ఆ ముసలాయన న్యూయార్క్ రేడియోలో ఒక కార్యక్రమానికి వెళ్లి ఆ టేపులోంచి పాట వినిపించాడు. అది విన్న ఒక కుర్రాడు వదల్లేదు. 2009లో ఆల్బమ్ వచ్చింది. సిబిల్ బయర్ జర్మనీలో డెబ్బైల మొదట్లో ఇంట్లోనే పాడుకుని టేపు చేసింది. ముప్పై ఏళ్ల తర్వాత కొడుకు వాటిని సీడీ చేసి ఇంట్లోవాళ్లకి పంచాడు. ఒక కాపీ డైనొసార్ జూనియర్ అనే అమెరికన్ రాక్ బ్యాండులో పాడే జె మాస్కిస్ చేతికి వెళ్లింది, ఆయన ఒక చిన్న కంపెనీకి అందించాడు, 2006లో లోకానికి తెలిసింది. వష్టి బన్యన్ 1970లో ఒక ఆల్బమ్ చేసి, అది అమ్ముడుపోక సంగీతమే వదిలేసింది. 2000లో దాన్ని మళ్లీ విడుదల చేశాక జనం వెతుక్కుంటూ వచ్చారు. రెండో ఆల్బమ్ 2005లో చేసింది, ముప్పై అయిదేళ్ల తర్వాత.

ఒకచోట రేడియో, ఒకచోట కన్నకొడుకు, ఒకచోట పాత రికార్డుని మళ్లీ వేయాలనుకున్న ఎవరో. ఇవన్నీ అయ్యాక యాప్ వచ్చి ఊరంతా చాటింది.

తెలుగు దగ్గరికొస్తే యాప్ ఇంకా చతికిలబడుతుంది. "తెలుగు ఫిమేల్" అని కొడితే వచ్చేవి సినిమా సోలోలు, భక్తి పాటలు, సినిమా పాటల్నే గిటారుతో మళ్లీ పాడిన కవర్లు. కవర్లు పాడే అమ్మాయిల్ని నేను తక్కువ చెయ్యను. చూసేవాళ్లు వచ్చేది వాటికే, పాపం వాళ్లేం చేస్తారు. కిటుకు ఏమిటంటే, గొంతు నచ్చితే ఆ వీడియో దగ్గరే ఆగిపోకుండా ఆ అమ్మాయి ఛానెల్‌లోకి వెళ్లండి. కవర్ల మధ్యలో ఎక్కడో, కింద వివరాల్లో రచన ఫలానా, స్వరకల్పన ఫలానా అని రాసి, చూసినవాళ్లు బాగా తక్కువున్న వీడియో ఒకటి ఉంటుంది. మనకి కావలసింది అదే. అందులో ఆ అమ్మాయి గొంతు మారిపోతుంది. సినిమా పాటలో ఎవరినో అనుసరించే గొంతు, సొంత పాట దగ్గర ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తనే నిర్ణయించుకుంటుంది.

ఇక బ్యాండ్‌క్యాంప్. ఇది 2008లో మొదలైంది, చేతులు మారుతూ 2022లో ఎపిక్ గేమ్స్‌కి, మరుసటేడు సాంగ్‌ట్రేడర్‌కి వెళ్లింది. కంపెనీలు మారినా వెతుక్కునే పద్ధతి నాకు నచ్చుతుంది. సంగీతం రకాన్ని బట్టి, ఊరిని బట్టి వెతకొచ్చు. దానికంటే మంచిది ఇంకోటి ఉంది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు చిన్న చిన్న గళ్లుగా కనిపిస్తాయి. ఒక బొమ్మ నొక్కితే ఆ మనిషి కొన్న ఆల్బమ్‌లన్నీ తెరుచుకుంటాయి. ఏ పాట ఎందుకు నచ్చిందో కొందరు ఒక ముక్క రాస్తారు కూడా. ఎక్కడో పోర్చుగల్‌లో ఉన్న ముక్కూ మొహం తెలియని మనిషి బీరువా తెరిచి చూసినట్టే. డబ్బు పెట్టి కొన్నాడంటే ఊరికే వేలు తగిలి మోగిన పాట కాదన్నమాట. ఆ బీరువాలో మనకి నచ్చినవి రెండు కనిపిస్తే, మూడోది కళ్లు మూసుకుని వినొచ్చు.

డబ్బు మాట వచ్చింది కాబట్టి లెక్క చూద్దాం. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకం మీద 15 శాతం తీసుకుంటుంది. ఏడు డాలర్ల ఆల్బమ్ కొంటే, చెల్లింపు రుసుములు పోకముందు, దాదాపు ఆరు డాలర్లు పాడినవాళ్లవి. 2020 మార్చిలో మొదలెట్టిన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే రోజుల్లో ఆ వాటా కూడా వదిలేస్తారు. స్పాటిఫైలో 2024 నుంచి, గడిచిన పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు మోగని పాటకి రాయల్టీ లెక్కే మొదలవదు. మనం వెతుకుతున్నది సరిగ్గా ఆ వెయ్యి లోపు వాళ్లనే కదా. ఇబ్బంది ఒకటి ఉంది: డాలర్లలోనో మరో విదేశీ డబ్బులోనో కట్టాలి, విదేశీ చెల్లింపులకి తెరిచిన కార్డు ఉండాలి. పైగా తెలుగు సరుకు అక్కడ బాగా తక్కువ. తెలుగు గొంతు కోసమే అయితే ఆ గడప తొక్కడం దండగ.

రేడియో పేరు చెప్పగానే కుర్రకారు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇండిపెండెంట్ మ్యూజిక్ అని ఇవాళ మనం మురిసిపోయేది, ఆకాశవాణి లలిత సంగీతం పేరుతో ఎప్పుడో చేసింది. సినిమాతో సంబంధం లేని కవి రాస్తాడు, కేంద్రంలోని సంగీతకారుడు బాణీ కడతాడు, ఆడిషన్‌లో నెగ్గిన గాయని పాడుతుంది. ఆడవాళ్లకి అది నిజమైన వేదిక. రావు బాలసరస్వతీదేవి సినిమాల్లో పేరు తెచ్చుకున్నా, ఆవిడ లలిత గీతాలు వేరే లోకం. వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్లు పల్లెపాటల్ని పోగుచేసి రేడియోకీ సభకీ తెచ్చారు. మన విజయనగరం జిల్లా పుష్పగిరిలో పుట్టిన శ్రీరంగం గోపాలరత్నం శాస్త్రీయమూ పాడారు, లలితమూ పాడారు, 1992లో పద్మశ్రీ అందుకున్నారు. సిరిపురంలో ఆకాశవాణి ముందు నుంచి రోజూ బండి మీద వెళ్లేవాళ్లలో ఆవిడ గొంతు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారో!

రేడియోలో నాకు అన్నిటికంటే విలువైనది పాటకి ముందు మాట. గానం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా అని ఎనౌన్సర్ చదువుతారు. యాప్‌లో అది మూడు చుక్కలు నొక్కితే కానీ రాదు, వచ్చినా సగం ఖాళీ. యూట్యూబ్‌లో పల్లెపాటల వీడియోలైతే మరీ అన్యాయం: ఛానెల్ పేరు బొమ్మ మీద పెద్దక్షరాల్లో, నాట్లేస్తూ పాడిన ఆవిడ పేరు ఎక్కడా లేదు. పేరు లేకపోతే రెండో పాట ఎలా వెతుక్కుంటాం? రేడియోతో చిక్కు ఒకటే, అది మన టైముకి రాదు, వెనక్కి తిప్పడం కుదరదు. కేంద్రం పరిధి దాటినా న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు పలుకుతాయి. ప్రసారభారతి ఆర్కైవ్స్ యూట్యూబ్‌లో పాత రికార్డింగులు కొన్ని పెట్టింది. పేరు రాసుకోవడానికి పక్కన కాగితం ఉంచుకోండి.

సభ విషయానికి వస్తే పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా ఉన్నాయి. ఉత్సవాలప్పుడు పెద్ద విద్వాంసుల కచేరీకి ముందు చిన్నవాళ్లకి గంటో గంటన్నరో ఇస్తారు. నేను వెళ్లేది దానికే. సగం కుర్చీలు ఖాళీ. అమ్మాయి వచ్చి కూర్చుని, తంబురా మోగుతున్న ఫోన్‌ని మైకు పక్కకి జరిపి, వయొలిన్ ఆవిడ వైపు ఒకసారి చూస్తుంది. వర్ణం గబగబా అయిపోతుంది, భయం కనిపిస్తుంది. రెండో కృతిలో ఆలాపన దగ్గర గొంతు కుదురుకుంటుంది. మృదంగం వాయించే పెద్దాయన తల ఊపాడంటే ఇక ఆ పిల్ల వెనుదిరిగి చూడదు. ఇలాంటి గంట ఏ యాప్‌లోనూ దొరకదు, ఎందుకంటే దాన్ని చాలాసార్లు ఎవరూ రికార్డే చెయ్యరు. అందుకే ఆహ్వాన పత్రిక ఇంటికి తెచ్చుకుంటాను. పెద్దాయన ఫోటో కింద చిన్నక్షరాల్లో ఆ అమ్మాయి పేరు ఉంటుంది. మర్నాడు ఆ పేరుతో వెతికితే ఏదో ఒక కాలేజీ పోటీ వీడియో అయినా దొరుకుతుంది. సభకి వెళ్లడానికి గాజువాక నుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో రావాలంటే మాత్రం నేనేమీ అనను.

అయితే యాప్ ఎందుకు దండగ కాదన్నాను? పేరు చేతిలోకి వచ్చాక చూడండి. అరూజ్ ఆఫ్తాబ్ అనే పాకిస్తానీ గాయనికి 2022లో గ్రామీ వచ్చాక చాలామంది విన్నారు, నేనూ విన్నాను. ఆవిడ 2023 ఆల్బమ్‌లో పియానో విజయ్ అయ్యర్ అని చూసి ఆయన పేరు పట్టుకుని వెళ్తే గనవ్య దగ్గర తేలాను. తమిళనాట పెరిగి, అమెరికాలో జాజ్ వాళ్లతో కలిసి పాడే గాయని. ఆవిడ 2024 ఆల్బమ్‌లో విజయ్ అయ్యర్ ఉన్నాడు, జాజ్ గాయని ఎస్పెరాంజా స్పాల్డింగ్ ఉంది. ఈ తీగ లాగింది యాప్ కాదు, యాప్‌లో ఉన్న పేర్లు. పాటల వరస దాన్నే ఎంచనిస్తే ఆ పేర్ల దాకా వెళ్లాల్సిన పనే మనకి పెట్టదు. వాద్యకారుల పేర్లు నొక్కుకుంటూ పోతే అదే యాప్ బంగారు గని.

కాబట్టి ఎవరికి ఏది? విదేశీ ఇండిపెండెంట్ మ్యూజిక్ మీద మక్కువైతే బ్యాండ్‌క్యాంప్, అందులోనూ కొన్నవాళ్ల బీరువాలు. తెలుగు లలితమైతే రేడియో, ఆ పేర్లతో యూట్యూబ్. శాస్త్రీయమైతే సభ తర్వాతే ఏదైనా. మన సొంత పాటల కుర్రమ్మాయిలైతే కవర్ల ఛానెళ్లలో లోతుగా తవ్వడం. ఒక్కటే ఎంచుకోమంటే నేను రేడియోకే ఓటేస్తాను, పేర్ల కోసం.

ఇంకో తగాదా ఉంది: దొరికినదాన్ని నలుగురికీ ఎలా చెప్పాలి? ప్లేలిస్టా, ఒక్క పాటా? ఇందులో నాకు సందేహం లేదు. నలభై పాటల ప్లేలిస్టు వాట్సాప్ గ్రూపులో పడేస్తే వచ్చేవి దండాల బొమ్మలు. ఎవరూ తెరవరు. ఒక్క మనిషికి ఒక్క పాట, ఎందుకు పంపానో ఒక్క వాక్యం, అంతే. మా పిన్నికి సంగీతం వచ్చు, ఎంవీపీ కాలనీలో పిల్లలకి చెప్తుంది. గనవ్య పాట ఒకటి పంపి ఫోన్ చేశాను.

"విన్నావా పిన్నీ?"

"విన్నానే. మృదంగం ఏదీ? తాళం ఎక్కడ వేసుకోవాలి?"

"తాళం వెయ్యకుండా విను ఓసారి."

"అదెలా కుదురుతుందే!" అని కాసేపు ఆగి, "శ్రుతి మాత్రం తప్పలేదు. ఇంకోటుంటే పంపు" అంది.

పంపేటప్పుడు లింకు ఎక్కడిదో కూడా చూసుకోవాలి. స్పాటిఫై లింకు పెద్దవాళ్ల ఫోన్‌లో యాప్ వేసుకో, లాగిన్ అవ్వు అని వేధిస్తుంది, అక్కడితో వాళ్లు వదిలేస్తారు. బ్యాండ్‌క్యాంప్ లింకు ఖాతా లేకపోయినా మోగుతుంది. యూట్యూబ్ అయితే వాళ్లకి అలవాటే, కాకపోతే మధ్యలో ప్రకటన వచ్చి రాగం తెగిపోతుంది. పిన్నికి నేను బ్యాండ్‌క్యాంప్‌దే పంపుతున్నాను. కొనమని మాత్రం ఇంకా అడగలేదు.