నాలుగేళ్లలో 23 ప్రయోగాలు: నా హైపవర్ రాకెట్ కిట్, దాని రెక్కలు

నాలుగేళ్ల కిందట లెవెల్ 1 సర్టిఫికేషన్ (హైపవర్ రాకెట్లు ఎగరేయడానికి కావలసిన తొలి అర్హత) కోసం కట్టిన నాలుగంగుళాల వ్యాసపు రాకెట్ ఇప్పటికి దక్షిణ కాలిఫోర్నియాలోని లూసర్న్ ఎండు సరస్సు మీద 23 సార్లు ఎగిరింది. కొలతలు, ధర అమ్మేవారి దగ్గరే తెలుస్తాయి కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది రెక్కల గురించి. సూళ్లూరుపేటలో మేడెక్కి శ్రీహరికోట రాకెట్లను దూరం నుంచే చూస్తూ పెరిగిన నాకు, నా చేతులతో అతికించిన రెక్క ఇంత గట్టిగా నిలవడం ఈనాటికీ పట్టరాని సంతోషం.

ఈ కిట్‌లో రెక్కలను గొట్టం బయటి గోడకు అంటించి వదిలేయరు. ప్లైవుడ్ రెక్క అడుగున నాలుకలా పొడుచుకువచ్చిన భాగం గొట్టంలోని చీలిక గుండా లోపలికి దిగి, మధ్యలో మోటారు కూర్చునే సన్నని మోటారు గొట్టాన్ని ఆనుతుంది. అక్కడొకసారి, గొట్టం లోపలి గోడ దగ్గర ఒకసారి, బయట ఒకసారి ఎపాక్సీ పట్టిస్తే రెక్కకు మూడు చోట్ల పట్టు దొరుకుతుంది. చీలికలను ముందే కోసి పంపారు. గరుకు కాగితం ముట్టకుండానే నాలుగు రెక్కలూ అమరాయి. క్రాఫ్ట్ కాగితపు గొట్టం తేలికగా ఉండి, నున్నగా రంగు పట్టిందని అప్పట్లో మిత్రులందరికీ చెప్పాను.

పదకొండో ప్రయోగంలో పొరపాటు నాదే. మోటారు మండడం ఆగాక కొన్ని సెకన్లకు, రాకెట్ శిఖరానికి చేరే వేళకు, తుపాకిమందు పేలి పారాషూట్‌ను బయటికి నెట్టాలి. నేను తెచ్చిన హెచ్ తరగతి మోటారులో (అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ మోటారు శక్తి పెరుగుతుంది) ఆ వ్యవధి 14 సెకన్లు. నా రాకెట్ బరువుకు ఎనిమిది చాలు కనుక ఆ ఆలస్యం కోసం నెమ్మదిగా మండే మందులో ఆరు సెకన్ల మేర తొలిచి తీసేయాలి. గాలి పెరుగుతోందన్న తొందరలో రెండు సెకన్ల మేరకే తొలిచాను. రాకెట్ శిఖరం దాటి ముక్కు కిందికి తిప్పుకుని, నాలుగు సెకన్ల పాటు నేల వైపు దూసుకువస్తుంటే చేయగలిగింది ఏమీ లేక చూస్తూ నిలబడ్డాను. గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంలో పారాషూట్ ఒక్క కుదుపుతో విచ్చుకుంది. రెండు తాళ్లు తెగిపోయాయి, పారాషూట్‌ను రాకెట్‌తో కలిపే కెవ్లార్ తాడు గొట్టం అంచును కోసుకుంటూ ఏడంగుళాల మేర కిందికి దిగింది. ఈ చీలికనే రాకెట్ కట్టేవాళ్లు జిప్పర్ అంటారు. సగమే తెరుచుకున్న పారాషూట్‌తో రాకెట్ ఆ గట్టి బంకమట్టి నేల మీద రెక్కల మీదుగా పడింది.

పరుగున వెళ్లి చూస్తే, ఒక రెక్క మూల పెచ్చు లేచింది తప్ప నాలుగింటిలో ఒక్కటీ కదల్లేదు. వేళ్లతో పట్టి ఊపాను, అతుకుల వెంట గోరు గీసి చూశాను, ఎక్కడా వెంట్రుకవాసి పగులు లేదు. చిరిగిన గొట్టాన్ని అడ్డంగా కోసేసి, కప్లర్‌తో (రెండు గొట్టాలను లోపలి నుంచి కలిపే చిన్న గొట్టం) కొత్త ముక్క అతికించి, అంచుకు పలుచని సూపర్ గ్లూ పట్టించాను. తాడు అంచును తాకే చోట ఒక టెన్నిస్ బంతిని గుచ్చాను. మళ్లీ చీలిక రాలేదు. గొట్టం గురించి ముందు చెప్పిన మెప్పును మాత్రం రంగు వరకే పరిమితం చేసుకుంటున్నాను.

రెక్కల బలం ఘనతంతా కిట్‌దేనని కూడా అనలేను. సూచనల పత్రం ప్రకారం మోటారు గొట్టాన్ని పెద్ద గొట్టం నడుమ నిలిపే రెండు సెంటరింగ్ రింగులనూ ముందే అతికించాలి. అలా చేస్తే లోపలి అతుకులకు ఎపాక్సీ అందించే దారి మూసుకుపోతుంది. మైదానంలో ఒక పెద్దాయన సలహా మీద వెనక రింగును చివరికి ఉంచుకుని, ఒక్కో రెక్కకు ఒక్కో రాత్రి చొప్పున ఆరనిచ్చాను. పత్రాన్ని అక్షరాలా పాటించి ఉంటే ఆనాటి దెబ్బకు ఏమయ్యేదో చెప్పలేను.

నాకు గరాజ్ ఉంది, మైదానం రెండు గంటల ప్రయాణం, నెలకొక శనివారం ఇంట్లోవాళ్లు వదిలిపెడతారు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఎపాక్సీ వాసన, రాపిడి దుమ్ము పెద్ద ఇబ్బందే. హెచ్, ఐ మోటార్లతో ఎగరేసేవారికి ఈ కిట్ తీసుకోమనే చెబుతాను. తర్వాతి మెట్టయిన లెవెల్ 2 కోసం జె మోటారు పెట్టేటప్పుడు మాత్రం ఈ కాగితపు గొట్టాన్ని నమ్మను. దీనికే ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుట్టాలా, మరో కిట్ కొనాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. కొత్తది కొంటే మొదట చూసేది రెక్క నాలుక మోటారు గొట్టం దాకా దిగుతుందా లేదా అన్నదే.