కుర్చీ దిగకుండా ఎక్కే వ్యాన్: కోనసీమ రోడ్ల మీద ఐదేళ్ళు వాడాక

మాది అంబాజీపేట దగ్గర, కొబ్బరి కమీషన్ వ్యాపారం. వెన్నుపూస దెబ్బతిన్న దగ్గర్నుంచి నడుం కింద స్పర్శ లేదు, వీల్‌చైరే. వెనక ర్యాంప్ పెట్టించిన చిన్న పెట్రోల్ వ్యాన్ ఐదేళ్ళుగా వాడుతున్నా. చేయించుకుందామనుకునేవాళ్ళు తరచూ అడుగుతున్నారు, అందుకని నాకు తెలిసినదంతా రాస్తున్నానండి.

ముందు అసలు లాభం చెప్తా. ఇదివరకు కారెక్కాలంటే చంకల కింద చేతులేసి ఒకళ్ళు, మోకాళ్ళ కింద పట్టుకుని ఇంకొకళ్ళు, ఆ ఇద్దరూ దొరికితేనే ప్రయాణం. ఎక్కించేటప్పుడు డోర్ అంచుకి ఒళ్ళు రాసుకున్నా నాకు తెలీదు కదా, రాత్రి మా ఆవిడ చూసేసరికి తోలు లేచిపోయి ఉండేది, అలా మొదలైన ఒక పుండు మానడానికి నెలలు పట్టింది. ఇప్పుడు కుర్చీలోంచి కదిలే పనే లేదు, మా తమ్ముడు ఒక్కడే వెనక తలుపెత్తి ర్యాంప్ వాల్చి తోసేస్తాడు. నా వరకూ ఈ ఒక్కదానికే పెట్టిన డబ్బంతా వచ్చేసినట్టు.

ఫోన్లో అమెరికా వ్యాన్లు చూసి అందరూ అలాంటిదే కావాలంటారు, బటన్ నొక్కితే పక్క తలుపు జరగడం, ర్యాంప్ దానంతటదే రావడం, బండి ఆ పక్కకి కిందికి వంగడం. అవి అక్కడ కూడా ఒక్కసారే రాలేదు. ఇండియానా రాష్ట్రంలో రాల్ఫ్ బ్రాన్ అని ఒకాయన, ఆయనకే కండరాలు క్షీణించే జబ్బు, 1960ల్లో పాత పోస్టల్ జీపు ఒకటి తీసుకుని వెనక లిఫ్టు, చేత్తో నడిపే కంట్రోల్సు పెట్టుకుని ఉద్యోగానికెళ్ళేవాడు. తర్వాత పెద్ద వ్యాన్లకి లిఫ్టులు చేసి అమ్మాడు. అసలు మలుపు మాత్రం క్రైస్లర్ వాళ్ళ 1984 మోడల్ మినీవ్యాన్లతో, డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వాయేజర్. వాటిలో ఇంజను బలం ముందు చక్రాలకే వెళ్తుంది, ఫ్లోర్ కింద వెనక్కెళ్ళే షాఫ్టు ఉండదు, అందుకని ఫ్లోర్ కోసేసి పది అంగుళాలు, ఆ పైన కూడా కిందికి దించగలిగారు. ఫ్లోర్ దిగితే తలకి చోటొస్తుంది, లిఫ్టు అక్కర్లేదు, ర్యాంప్ చాలు. 2011లో ఎంవీ-1 అని ఫ్యాక్టరీలోనే వీల్‌చైర్ కోసం కట్టిన బండి కూడా వచ్చింది, కొన్నేళ్ళకే ఆపేశారు. అది చదివి నిజంగా బాధేసింది.

మా బడ్జెట్లో దొరికే చిన్న వ్యాన్‌కి ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని. షాఫ్టు, ఇరుసు అన్నీ ఫ్లోర్ కిందే, కాబట్టి దించడం కుదరదు. నేను తల బాగా వంచి, గెడ్డం గుండెకి ఆనించుకుని ఎక్కుతా. బిల్డింగులకి చెప్పే లెక్క అడుగు ఎత్తుకి పన్నెండడుగుల ర్యాంప్, ఆ లెక్కన నా రెండడుగుల ఫ్లోర్‌కి ఇరవై నాలుగు అడుగులు కావాలి, అది బండిలో పట్టేది కాదు. వర్క్‌షాపు వాళ్ళు ముందు నాలుగడుగులది బిగించిచ్చారు, అది నిచ్చెన నిలబెట్టినట్టే ఉండేది, మా తమ్ముడి చేతుల్లోంచి కుర్చీ జారబోయింది కూడా. పట్టుబట్టి ఆరడుగుల మడత ర్యాంప్ వేయించి, లోపల కుర్చీని తాడుతో పైకి లాగే చిన్న వించి పెట్టించుకున్నాం. దిగేటప్పుడు మాత్రం వెనక్కే దిగాలి, వెనక మనిషి పట్టుకోవాల్సిందే.

పక్క ర్యాంపా వెనక ర్యాంపా అంటే, మన డెల్టాలో వెనకదే అని గట్టిగా చెప్తా. పక్క నుంచి దిగాలంటే అమెరికా పార్కింగుల్లో 8 అడుగుల ఖాళీ వదులుతారు. మాకు సగం రోడ్లు కాలవ గట్లే కదండీ, ఒక పక్క పంటకాలవ, ఇంకో పక్క చేను, పక్కకి ర్యాంప్ వాల్చే చోటేది? వెనకదానికి ఒక లోపముంది, వెనక ఇరుసు దగ్గర కూర్చుంటాం కాబట్టి ప్రతి గుంతా మెడకి తగుల్తుంది, ముందు రోడ్డు సరిగ్గా కనపడదు. లాంగ్ జర్నీకి మెడ దిండు ఉంచుకోండి.

బెల్టుల సంగతి అస్సలు తేలిగ్గా తీసుకోకండి. కుర్చీకి నాలుగు పట్టీలు, ముందు రెండు వెనక రెండు, హుక్కు ఫ్రేముకే తగిలించాలి, చక్రానికీ ఫుట్‌రెస్టుకీ కాదు. మనిషికి బెల్టు వేరే, కుర్చీ కట్టేశాం కదా అని అది మానేస్తారు చాలామంది. సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు, అంటే బండ్లని గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కేటప్పుడు చూడాలి, గోదారి పాటు మీదుండి నీళ్ళు తీసి ఉంటే రేవు బాగా వాలుగా ఉంటుంది, బండి ముక్కు కిందికి దిగగానే నేనూ కుర్చీ కలిపి బరువంతా వెనక రెండు పట్టీల మీద పడుతుంది. ఓసారి ఒక పట్టీని బిగించే పళ్ళచక్రంలో ఇసక చేరి టక్కుమని ఒక పన్ను జారింది, ఆ చప్పుడుకి నా ప్రాణం పోయినంత పనైంది. అప్పట్నుంచి అంతర్వేది వైపు వెళ్ళొచ్చిన ప్రతిసారీ పట్టీలు మంచినీళ్ళతో కడిగి ఆరబెడతాం. ఉప్పుగాలికి ర్యాంప్ అల్యూమినియం బాగానే ఉంది కానీ ఇనప బందులు రెండేళ్ళకే తుప్పుపట్టాయి, ముందే స్టెయిన్‌లెస్ స్టీల్‌వి అడగండి.

సీఎన్‌జీ బండి తీసుకోకండి, సిలిండర్ వెనకుంటే కుర్చీకి చోటుండదు. మార్పులు చేయించేముందే ఆర్టీఓ ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్సీలో ఎక్కించుకోండి.

అడ్వాన్సు ఇచ్చే ముందు మీరు రోజూ వేసుకునే దిండు వేసుకుని, కుర్చీలో కూర్చుని, నేల నుంచి నడినెత్తి దాకా టేపు పెట్టి కొలవండి, వెనక తలుపు ఎత్తు, లోపల టాప్ ఎత్తు కూడా కొలవండి. రెండంగుళాల తేడాతో మెడ విరిగేలా ప్రయాణం చేసేవాళ్ళని చూశా. మా వైపొస్తే మీ కుర్చీతోనే రండి, మా బండి ఎక్కి చూసి అప్పుడు ఆర్డరివ్వండి.