థైరాయిడ్ గడ్డ: మాత్రా, ఆపరేషనా?

సూది పరీక్షలో క్యాన్సర్ కాదని తేలగానే సగం టెన్షన్ పోతుంది. మిగతా సగం అద్దం ముందు మొదలవుతుంది. గుటక వేసినప్పుడల్లా గొంతు దగ్గర ఆ ఉబ్బు పైకీ కిందకీ కదులుతుంటుంది మరి!

కోత లేకుండా పోతుందంటే ఎవరికైనా మాత్రవైపే మనసు లాగుతుంది. ఇచ్చేది లెవోథైరాక్సిన్, అంటే థైరాయిడ్ హార్మోన్ మాత్ర. అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే టీఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను తగ్గిస్తుంది, దాంతో గడ్డను ఎదగమనే సంకేతం బలహీనపడుతుంది. లెక్క బాగానే ఉంది, ఫలితమే అంతంత మాత్రం. కొందరిలో గడ్డ కాస్త చిక్కుతుంది, మానేస్తే మళ్లీ పెరగొచ్చు. టీఎస్‌హెచ్‌ను ఏళ్ల తరబడి అణచి ఉంచితే గుండె లయ తప్పొచ్చు, మెనోపాజ్ దాటినవారిలో ఎముకలు గుల్లబారొచ్చు. అందుకే అయోడిన్ సరిపడా అందేవారికి ఈ పద్ధతి మామూలుగా వాడొద్దని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2015లో చెప్పింది. టీఎస్‌హెచ్ ముందే తక్కువగా ఉంటే ఈ మాత్ర ఊసే ఎత్తకూడదు.

మింగడం కష్టమైనా, పడుకుంటే ఊపిరాడకపోయినా నా ఓటు ఆపరేషన్‌కే. కానీ థైరాయిడ్ గ్రంథి వెనకే స్వరపేటిక నరం, కాల్షియం సంగతి చూసే పారాథైరాయిడ్‌లు ఉంటాయి. వాటికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది, వేళ్లకు తిమ్మిర్లు వస్తాయి. గ్రంథి మొత్తం తీసేస్తే జీవితాంతం మాత్ర తప్పదు. ఏ మాత్ర? అదే లెవోథైరాక్సిన్! సగమే తీస్తే చాలామందికి ఆ అవసరం రాదు.

ఇబ్బంది పెట్టని చిన్న గడ్డకు ఈ రెండూ ఎక్కువే. డాక్టర్ చెప్పిన గడువుకు స్కానింగ్ చేయించుకుంటే చాలు. గొంతు మారినా, గడ్డ చకచకా పెరిగినా మాత్రం ఆ గడువు దాకా ఆగకండి.