పదేళ్లు జీస్కెమ్‌తో: ఫైల్లో కనపడని ఒక్క లైను

సర్క్యూట్ గీసే సాఫ్ట్‌వేర్ మీద ప్రేమ పుడుతుందంటే ఎవరూ నమ్మరు. నాకు పుట్టింది. దాని మొహం చూసి మాత్రం కాదు. జీస్కెమ్ మొహం అంత చూడముచ్చటగా ఏమీ ఉండదు. నల్లటి తెర, దాని మీద చుక్కలు, ఎప్పటివో మెనూలు. నాకు నచ్చింది అది రాసే ఫైలు.

మొదట్లో ఒకరోజు పొరపాటున స్కీమాటిక్, అంటే సర్క్యూట్ బొమ్మ, ఉన్న ఫైలు మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకుంది. ఏవో గజిబిజి గుర్తులు వస్తాయనుకుంటే, గీసిన బొమ్మంతా చదవగలిగే అక్షరాల్లో కనిపించింది. సీ అక్షరంతో మొదలైన లైను ఒక భాగం, ఎన్‌తో మొదలైతే వైరు, టీ అయితే రాత. పక్కన అంకెలు అది తెర మీద ఎక్కడుందో చెబుతాయి, అంగుళానికి వెయ్యి లెక్కన. రెసిస్టర్ పేరు, విలువ, ఫుట్‌ప్రింట్ (బోర్డు మీద అది కూర్చునే చోటు కొలత) ఒక్కొక్కటీ ఒక్కో లైను. ఆ ఫార్మాట్ మొత్తాన్ని ఒక సాయంత్రం కూర్చుని చదివేశాను, మర్నాటికి చాలావరకు గుర్తుంది కూడా.

అప్పట్నుంచి ఎడిటర్ తెరవకుండానే సగం పనులు చేసేవాణ్ని. ఒకసారి బోర్డు చిన్నది చేయాల్సి వచ్చి 0805 సైజు రెసిస్టర్లన్నీ 0603కి మార్చాలి. మొత్తం 37. ఒక్కొక్క దాని మీదా క్లిక్ చేసి, పెట్టె తెరిచి, మార్చి, మూసి... అలా అయితే గంట పని. టెర్మినల్‌లో ఒక్క కమాండ్ కొట్టాను, అయిపోయింది. ఫైళ్లలో మార్పుల చరిత్రంతా దాచే గిట్‌లో పెట్టుకుంటే ఇంకా హాయి. మూడు నెలల కిందట ఆర్7 విలువ 10కే నుంచి 4.7కే ఎందుకు చేశానో, ఏ రోజు చేశానో, ఆ రోజు రాసుకున్న మాటతో సహా కనిపిస్తుంది. సర్క్యూట్లు గీసే మిత్రులతో వాదన వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవాణ్ని: ‘ఫైల్లో లేనిది బోర్డు మీద ఉండదు.’

ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో దీన్ని మింగాల్సి వస్తుంది.

జీస్కెమ్ అంటే 1998లో మొదలైన జీఈడీఏ ప్రాజెక్టులో స్కీమాటిక్ గీసే భాగం. నేను కొన్నేళ్లుగా వాడుతున్నది దాన్నుంచి విడిపోయిన లెప్టాన్ ఈడీఏ. మారిన రోజు నా పాత ఫైళ్లన్నీ ఒక్క అక్షరం మార్చకుండా తెరుచుకున్నాయి. అందుకే ఇక్కడ రెంటినీ కలిపే మాట్లాడుతున్నాను. ఎలా ఇన్‌స్టాల్ చేయాలి, ఏ మెనూలో ఏముంది లాంటివి రాయను, అవి ఎక్కడైనా దొరుకుతాయి.

ఇక అసలు కథ.

వరసగా వెళ్లే వస్తువులను లెక్కపెట్టే చిన్న బోర్డు ఒకటి చేశాను. రెండు సెన్సార్లు పక్కపక్కన ఉంటాయి. ఎదుట వస్తువు ఉంటే సెన్సార్ 5 వోల్టులు ఇస్తుంది, లేకపోతే సున్నా. రెండూ కలిసి 5 చూపిస్తేనే వస్తువు వచ్చినట్టు. దానికోసం ఒక 74హెచ్‌సీ00 నాండ్ చిప్, సిగ్నల్ శుభ్రం చేయడానికి ఇంకోచోట ఒక 74హెచ్‌సీ14. నాండ్ అవుట్‌పుట్ మామూలుగా పైన, అంటే 5 వోల్టుల దగ్గర, ఉంటుంది, రెండు సెన్సార్లూ వెలిగితే కిందికి పడుతుంది, మైక్రోకంట్రోలర్ ఒకటి లెక్కేసుకుంటుంది. ఇంతకంటే తేలిక సర్క్యూట్ ఉండదు.

బోర్డు వచ్చింది, సోల్డర్ చేశాను, పనిచేసింది. మొదటిసారే పనిచేసిన బోర్డుని నమ్మకూడదని నాకు అప్పటికి తెలీదు.

వస్తువులు వెంటవెంటనే వెళ్తుంటే లెక్క కచ్చితంగా వచ్చేది. కాసేపు ఖాళీగా వదిలేస్తే మాత్రం, ఎదురుగా ఏమీ లేకుండానే అంకె ఒకటి పెరిగేది. మళ్లీ వస్తువులు పంపితే సరిగ్గా లెక్కపెట్టేది. మళ్లీ ఖాళీ వస్తే ఇంకొకటి. శూన్యాన్ని లెక్కపెట్టే యంత్రం తయారుచేశానన్నమాట.

మొదట నా ప్రోగ్రామ్‌ని అనుమానించాను. చిన్న చిన్న పల్స్‌లను పట్టించుకోకుండా ఆలస్యం పెట్టాను, తేడా లేదు. తర్వాత సెన్సార్లు. ఒకదాని చోట ఇంకొకటి మార్చి చూశాను, అదే కథ. తర్వాత ఎక్కడినుంచో నాయిస్ వస్తోందనుకుని కనపడిన ప్రతిచోటా కెపాసిటర్ తగిలించాను. బోర్డు ముళ్లపందిలా తయారైంది కానీ రోగం కుదరలేదు.

ఇంత టెన్షన్‌లోనూ చేయాల్సిన మొదటి పని చేశాననే అనుకున్నాను, చిప్‌కి పవర్ అందుతోందా లేదా చూడటం. చూశాను కూడా. 14వ పిన్ మీద మల్టీమీటర్ పెట్టాను. 4.4 వోల్టులు. కాస్త తక్కువే, కానీ హెచ్‌సీ చిప్‌లు 2 నుంచి 6 వోల్టుల దాకా పనిచేస్తాయి కదా అని వదిలేశాను. తప్పంతా అక్కడే జరిగింది. కొలిచేటప్పుడు కౌంటర్ ఊరికే తిరగకుండా సెన్సార్ ముందు ఒక అట్టముక్క అడ్డం పెట్టాను. ఆ అట్టముక్క తీసేసి కొలిచి ఉంటే కథ పది నిమిషాల్లో ముగిసేది.

రెండో రోజు రాత్రి విసుగొచ్చి బోర్డుకి పవర్ తీసేసి, 14వ పిన్‌కీ 5 వోల్టుల లైనుకీ మధ్య కంటిన్యుటీ చూశాను. మీటర్ కూయలేదు. రెంటికీ మధ్య దారే లేదు.

అంటే చిప్‌కి అసలు పవరే ఇవ్వలేదు. మరి ఇన్నాళ్లూ ఎలా పనిచేసింది? సెన్సార్ నుంచి వచ్చే సిగ్నలే దానికి కూడు పెడుతోంది. ఈ చిప్‌లలో ప్రతి ఇన్‌పుట్ పిన్ నుంచి పవర్ పిన్ వైపు లోపల ఒక రక్షణ డయోడ్ ఉంటుంది. పవర్ పిన్ గాలిలో వేలాడుతుంటే, ఇన్‌పుట్‌కి వచ్చిన 5 వోల్టులు ఆ డయోడ్ గుండా వెళ్లి పవర్ లైనునే నింపేస్తాయి. డయోడ్ తన వాటాగా 0.6 వోల్టు తీసుకుంటుంది, మిగిలింది 4.4. ఇలాంటి సీమాస్ రకం చిప్‌లు తినేది బహు తక్కువ కాబట్టి ఆ దొంగ తిండి చాలు. వస్తువు ఎదుట ఉన్నంతసేపూ చిప్ బతికే ఉంటుంది. అన్నీ సున్నా అయితే లోపల మిగిలిన కాస్త చార్జీ నెమ్మదిగా కారిపోయి చిప్ సొమ్మసిల్లుతుంది, పైన ఉండాల్సిన అవుట్‌పుట్ కిందికి వాలుతుంది. మైక్రోకంట్రోలర్‌కి అది వస్తువు వచ్చినట్టే. వాడని ఇన్‌పుట్లన్నీ పద్ధతిగా గ్రౌండ్‌కి కట్టాను. 5కి కట్టుంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేదే కాదు!

బోర్డు రోగం తెలిసింది. స్కీమాటిక్‌లో ఇది ఎలా తప్పిందో తెలియాలి కదా. ఫైలు తెరిచాను. నా గర్వకారణమైన ఆ టెక్స్ట్ ఫైలే. 5 వోల్టుల గుర్తులు ఉన్నాయి, గ్రౌండ్ ఉంది, చిప్‌లు ఉన్నాయి. గ్రెప్ అనే వెతికే కమాండ్ కొట్టి 14వ పిన్ కోసం చూశాను. లేదు. అసలు ఆ పిన్ ప్రస్తావనే లేదు. ఏ పిన్ దేనితో కలుస్తుందో చెప్పే జాబితా, నెట్‌లిస్ట్, తెరిస్తే అక్కడ కనిపించింది, అడుగున ఎక్కడో, వీసీసీ పేరుతో ఒక నెట్, అంటే ఒకే వైరుతో కలిసిన పిన్‌ల గుంపు. అందులో రెండే రెండు పిన్‌లు, యూ1 14, యూ2 14. రెండు చిప్‌ల పవర్ కాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి, ఇంకెవరితోనూ సంబంధం లేకుండా.

ఆ వీసీసీ ఉన్నది సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లైబ్రరీలో, ఆ చిప్ బొమ్మ ఉండే సింబల్ ఫైల్లో. 74 సిరీస్ చిప్‌ల సింబల్స్‌లో పవర్ పిన్‌లు గీయరు, బొమ్మ శుభ్రంగా ఉండాలని. వాటి బదులు లోపల కనపడని లైన్లు రెండు ఉంటాయి. ఒకటి 14వ పిన్ వీసీసీకి వెళ్తుందని, ఇంకొకటి 7వ పిన్ గ్రౌండ్‌కి వెళ్తుందని. నేను బోర్డంతా వాడింది ప్లస్ 5వీ అనే గుర్తు. దాని నెట్ పేరు ప్లస్ 5వీ. సాఫ్ట్‌వేర్‌కి అవి రెండు వేరు వేరు పేర్లు, కాబట్టి రెండు వేరు వేరు వైర్లు. నా స్కీమాటిక్ ఫైల్లో ఉన్నదల్లా ఆ సింబల్ పేరు, అది ఎక్కడుందో చెప్పే అంకెలు మాత్రమే. ఫైల్లో లేనిది బోర్డు మీద ఉండదన్న మాట అక్కడే మింగాను.

సాఫ్ట్‌వేర్‌లోని తప్పుల తనిఖీ దీన్ని ఎందుకు పట్టలేదంటే, ఒకే పిన్ ఉన్న నెట్ కనిపిస్తే అది హెచ్చరిస్తుంది. ఇక్కడ రెండున్నాయి. ఒక్క చిప్ వాడుంటే దొరికిపోయేవాణ్ని. ఇంకా సిగ్గుపడాల్సిన విషయం, బోర్డు లేఅవుట్‌లో ఆ రెండు 14వ పిన్‌లనూ కలుపుతూ రాగి గీత గీసింది నేనే. పవర్ లైనే కదా అని కాస్త లావుగా కూడా గీశాను.

తప్పు ఎవరిదంటే ముప్పాతిక నాదే. కనపడని పవర్ పిన్‌ల సంగతి డాక్యుమెంట్లలో ఉంది, అంతకుముందు చదివాను కూడా. మిగతా పాతిక ఆ పాత అలవాటుది. ప్రతి బోర్డుకీ ఒకే 5 వోల్టులు, దాని పేరు వీసీసీ అనుకునే రోజుల్లో అది బాగానే నడిచింది. ఇప్పుడు ఒకే బోర్డు మీద 5, 3.3, 1.8 అన్నీ ఉంటాయి. ఈ గొయ్యి ఈ ఒక్క సాఫ్ట్‌వేర్‌లోనే లేదు. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ కైక్యాడ్‌లోనూ ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు అక్కడి 74 సిరీస్ చిప్‌లకు పవర్ పిన్‌లు విడి భాగంగా బయటికే కనిపిస్తాయి.

తర్వాత నేను చేసింది చెబితే ఇదంతా తిట్టా పొగడ్తా అన్న అనుమానం వస్తుంది మీకు. ఆ వారమే పైథాన్‌లో 60 లైన్ల స్క్రిప్ట్ రాశాను. స్కీమాటిక్ ఫైలు చదివి అందులో ఏయే సింబల్స్ ఉన్నాయో చూస్తుంది, వాటి ఫైళ్లు తెరిచి దాక్కున్న పవర్ లైన్లు ఏరుతుంది. ఆ పేరుతో నేను గీసిన గుర్తు ఒక్కటీ లేకపోతే అరుస్తుంది. రాయడానికి ఒక పూట పట్టింది. సింబల్ ఫైళ్లు కూడా అదే టెక్స్ట్, అదే ఫార్మాట్ కాబట్టి. నన్ను ముంచిన ఫైలే నన్ను ఒడ్డుకీ చేర్చింది.

తర్వాత ఉత్సాహం ఎక్కువై దాన్ని నెట్‌లిస్ట్ ప్రోగ్రామ్‌లోనే కలిపేద్దామనుకున్నాను. అక్కడ ప్రతి అవుట్‌పుట్ ఫార్మాట్‌కీ ఒక చిన్న స్కీమ్ భాష ఫైలు ఉంటుంది, కొత్తది రాసి పక్కన పడేస్తే చాలు. చాలు అనడం తేలికే. స్కీమ్‌లో బ్రాకెట్లు లెక్కపెట్టుకోవడంలో రెండు వారాలు పోయాయి. చివరికి పనిచేసింది కానీ అందులో నా అలవాట్లే ఎక్కువ, ఇంకొకరికి ఇచ్చేలా లేదు. దాన్ని సరిచేసి పంపాలని ఏడాదిగా అనుకుంటున్నాను. చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎందుకు నెమ్మదిగా కదులుతాయో నాకు ఇప్పుడు బాగా తెలుసు, నాలాంటి వాళ్లు ఇంకొందరు కూడా ఉండే ఉంటారు.

ఇప్పుడు లైబ్రరీలోని లాజిక్ చిప్‌లను నేరుగా వాడను. ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, పవర్ పిన్‌లు బయటికి గీసి వాడతాను. సింబల్‌ని స్కీమాటిక్ ఫైల్లోనే ఇమిడ్చే వీలూ ఉంది, అప్పుడు నిజంగానే అంతా ఒకే ఫైల్లో ఉంటుంది. కానీ ఫైలు లావెక్కి గిట్‌లో చూడటానికి చిరాగ్గా ఉంటుంది. గిట్ మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. విలువ మారితే తేడా ముచ్చటగా కనిపిస్తుంది కానీ, సర్క్యూట్‌లో ఒక ముక్కని పట్టి పక్కకి జరిపితే వందల లైన్లలో అంకెలు మారి, అసలు మార్పు వాటి మధ్య దాక్కుంటుంది. జరపడం ఒక కమిట్ (గిట్‌లో ఒక నమోదు), మార్చడం ఇంకో కమిట్ అని నియమం పెట్టుకున్నాను. సగం సార్లు తప్పుతాను.

వాడమంటావా అని అడిగితే, నా పరిస్థితి చూసి మీరే తేల్చుకోండి. నేను ఒంటరిగా పనిచేస్తాను. నా బోర్డులు రెండు పొరలు దాటవు, చిప్‌లు పదికి మించవు. వైరుకి ఎన్, కొత్త భాగానికి ఐ, తిప్పడానికి ఈ తర్వాత ఆర్... వేళ్లు వాటంతటవే వెళ్తాయి, మౌస్‌తో మెనూలు వెతకడం నావల్ల కాదు. స్క్రిప్ట్ రాసుకోవడం నాకు పని కాదు, సరదా. నలుగురు కలిసి చేసే ప్రాజెక్టు అయినా, స్కీమాటిక్ నుంచి బోర్డు దాకా ఒకే కిటికీలో కావాలన్నా, కొత్త చిప్‌లకు సింబల్స్ రెడీగా దొరకాలన్నా కైక్యాడ్ వైపు వెళ్లడమే మేలు. దాని ఫైళ్లూ టెక్స్టే లెండి, ఆ విషయంలో నా గొప్ప ఇప్పుడు అంత గొప్ప కాదు. నేను మాత్రం మారలేదు. ఇష్టం ఎంతో, పదేళ్ల అలవాటు ఎంతో విడదీసి చెప్పలేను.

ఆ లెక్కపెట్టే బోర్డు ఇంకా నడుస్తోంది. యూ1 14వ పిన్ నుంచి 5 వోల్టుల లైనుకి నీలం తీగ ఒకటి. ఒక్కటే చాలింది, రెండు చిప్‌లనూ కలిపే లావు గీత ముందే గీసి పెట్టాను కదా.