ఆవుకు పై పళ్లు మొలిపించిన పుస్తకం

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా పనిచేసినవాణ్ణి. అందుకే ఏడేళ్ల మనవరాలికని 480 రూపాయలు పెట్టి కొన్న పెంపుడు జంతువుల పుస్తకాలు నాలుగింటినీ ముందు నేనే చదివాను.

ఆవు పుస్తకం అట్ట మీద ఆవు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఆవుకు పైదవడ ముందు భాగంలో పళ్లే ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. గడ్డిని నాలుకతో చుట్టి, కింది పళ్లకూ ఆ చిగురుకూ మధ్య ఇరికించి లాగుతుంది. ఎన్నో నోళ్లలోకి గొట్టంతో మందు పోసిన చేయి ఇది, ఆ బొమ్మను దాటి పేజీ తిప్పడానికి కొంతసేపు పట్టింది. తిప్పితే అంతా మచ్చల సీమావులే. మూపురం లేదు, గంగడోలు లేదు, ఒంగోలు జాతి ఊసే లేదు.

గేదెకు సగం పేజీ విదిల్చారు, ‘ఇది కూడా ఆవులాంటిదే’ అని. ఆవు సుమారు 280 రోజులకు ఈనితే గేదెకు దాదాపు మరో నెల పడుతుంది. చెమట గ్రంథులు తక్కువ, ఒళ్లేమో నలుపు, అందుకే ఎండ తగిలితే మడుగు వెతుక్కుంటుంది. పిల్లలు అడిగేది సరిగ్గా ఆ మడుగు గురించే!

నెమరు వేయడం మాత్రం చక్కగా చెప్పారు. నాలుగు గదుల పొట్టను బాణం గుర్తులతో చూపించారు. “తాతయ్యా, మింగింది మళ్లీ నోట్లోకొస్తే కక్కినట్టు కాదా?” అని మా పిల్ల అడిగిందంటే బొమ్మ పనిచేసినట్టే.

కట్టలో మేలైనది కుక్క పుస్తకం. తింటున్న కుక్కను, పిల్లల తల్లిని ముట్టుకోవద్దన్నారు. కరిస్తే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలన్నారు. గాయానికి కారం, సున్నం పెట్టవద్దని కూడా రాశారు. ఆ రెండూ పూసుకుని మా దగ్గరికి పరుగెత్తుకొచ్చినవాళ్లను చూశాను కాబట్టి, ఆ వాక్యం రాసినవారికి దండం.

పిల్లి పుస్తకం ఫరవాలేదు. పక్షుల పుస్తకం కొనకండి. పంజరంలో రామచిలుకను పెట్టి, ఏం తినిపించాలో నేర్పారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో దాన్ని పెంచడం నేరం. ఆ పేజీ మీద తెల్లకాగితం అంటించాను.

విడిగా అమ్మరట, నాలుగూ కలిపే కొనాలి. మనవరాలు రెండు రోజులుగా పక్కింటి పాక ముందు పుస్తకం పట్టుకుని కూర్చుంటోంది, గేదె ఎప్పుడు ఆవలిస్తుందా అని.