వేటగాళ్ళు కాపాడిన కొండమేక: మున్నార్‌లో మూడు రాత్రులు

మా అమ్మాయి పరీక్షలు అయిపోగానే ఏప్రిల్ మొదటి వారంలో బయల్దేరాం. కావాలనే ఆ తేదీలు పెట్టుకున్నాను. కేరళలో మున్నార్ దగ్గర ఇరవికుళం నేషనల్ పార్కును ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసేస్తారు. వరయాడు ఈనే కాలం అది. తెరిచిన వెంటనే వెళ్తే తల్లుల వెంట పిల్లలు కూడా కనిపిస్తాయి. వరయాడు అంటే నీలగిరి తార్, అడవి కొండమేక. తమిళంలో 'వరై' అంటే కొండచరియ, 'ఆడు' అంటే మేక. మాది చిత్తూరు కాబట్టి తమిళం తడుముకోకుండా వచ్చు. టీ తోటల్లో పనిచేసేవాళ్ళలో తమిళులే ఎక్కువ, అందుకే అది మున్నార్‌లో బాగా పనికొచ్చింది.

తిరుపతిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువాలో దిగాం. అక్కడి నుంచి కొండ మీదికి 110 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు దాటింది. నేరియమంగళం వంతెన తర్వాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. కడుపులో తిప్పే అలవాటుంటే ముందు సీట్లు చూసుకోండి. మా అమ్మాయికి అడిమాలి దాకా వాంతులే.

మొదటి రాత్రి ఫోన్లో ఫొటోలు చూసి బుక్ చేసిన హోమ్‌స్టేలో దిగి మోసపోయాం. లోయ కనిపిస్తుందన్న కిటికీ తీస్తే పక్కన కడుతున్న బిల్డింగు పిల్లర్లు. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. గీజర్ రెండుసార్లు ట్రిప్పయ్యాక ఇక ఆన్ కాలేదు. రెండో రోజుకి కట్టిన డబ్బు వెనక్కి ఇవ్వమంటే ఇవ్వలేదు. మున్నార్‌లో గది తీసుకునే ముందు ఇప్పటి ఫొటో వాట్సాప్‌లో పంపమని అడగండి.

మిగతా రెండు రాత్రులు హై రేంజ్ క్లబ్బులో ఉన్నాం. వందేళ్ళు దాటిన తోట దొరల క్లబ్బు. సభ్యులు కానివాళ్ళకూ గదులు ఇస్తారు. అద్దె మా బడ్జెట్‌కి ఎక్కువే, అయినా ఆ డబ్బుకి బాధపడలేదు. వేడినీళ్ళు అడిగినప్పుడల్లా వచ్చాయి, భోజనం దగ్గర కొసరి కొసరి వడ్డించారు. నేను అక్కడికి వెళ్ళింది మాత్రం బార్ గోడ చూడటానికి. ఈ కొండల్లో ముప్పై ఏళ్ళు పనిచేసిన దొరల టోపీలు వరసగా తగిలించి ఉన్నాయి. ఒక టోపీ అంచు చెమటకి నల్లబడి, నార పీచు బయటికొచ్చింది. పక్క గోడలకి అడవిదున్న తలలు, వరయాడు కొమ్ములు. మా ఆవిడ రెండు నిమిషాలు నిలబడి, "ఇన్ని చంపారా!" అని బయటికి వెళ్ళిపోయింది. నాకూ మనసు పాడైంది.

కానీ అసలు కథ ఆ కొమ్ములతో అయిపోదు. 1877లో జె.డి. మన్రో అనే బ్రిటిష్ దొర పూంజార్ రాజు దగ్గర ఈ కొండల్ని తీసుకున్నాక, టీ కంపెనీ వచ్చి తోటలు వేసింది. తోటకి పనికిరాని ఎత్తైన గడ్డి మైదానాన్ని దొరలు వేటకి ఉంచుకున్నారు. 1928లో ఆ వేటని అదుపులో పెట్టడానికి హై రేంజ్ గేమ్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ పెట్టుకున్నారు. లైసెన్సు లేకుండా తుపాకీ పట్టకూడదు. వేటాడేది వీపు మీద వెండిరంగు మచ్చ వచ్చిన ముసలి మగవాటినే. కాపలాకి ముదువాన్ గిరిజనుల్ని పెట్టుకున్నారు. 1971లో ప్రభుత్వం చట్టం చేసి కంపెనీ భూములు తీసుకున్నప్పుడు, ఆ మైదానాన్ని సాగుకి పంచకుండా జంతువులకే వదలమని అడిగినవాళ్ళలో ఈ వేటగాళ్ళూ ఉన్నారు. 1975లో అది అభయారణ్యమైంది, 1978లో నేషనల్ పార్కైంది. అసోసియేషన్ పేరులోంచి 'గేమ్' పోయి 'వైల్డ్‌లైఫ్' వచ్చింది. 2025లో కేరళ, తమిళనాడు కలిసి లెక్కపెడితే వరయాళ్ళు మొత్తం 2,600 పైచిలుకు తేలాయి. వాటిలో 800కి పైగా 97 చదరపు కిలోమీటర్ల ఈ ఒక్క పార్కులోనే ఉన్నాయి. వేట అంటే నాకు గిట్టదు. అయినా ఆ కట్టుబాట్లు లేకపోతే ఈ మంద మిగిలేది కాదనే అనుకుంటున్నాను.

పార్కులోకి సొంత బండ్లు వెళ్ళనివ్వరు. అటవీ శాఖ బస్సులో రాజమల దాకా తీసుకెళ్తారు. టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, పొద్దున మొదటి బస్సే ఎక్కండి. పదకొండు దాటితే క్యూ చూసి టెన్షన్ వస్తుంది. మొత్తం ప్రయాణంలో పద్ధతిగా నడిచిన సర్వీసు ఇదే. ప్లాస్టిక్ సంచులు గేటు దగ్గరే ఆపేశారు. దిగాక కిలోమీటరు పైన తారు దారి, ఎదురుగా 2,695 మీటర్ల ఆనముడి. శిఖరం ఎక్కనివ్వరు.

మలుపు దగ్గర ఆగాం. నాలుగు గజాల దూరంలో బండ అంచున తల్లి మేస్తోంది. దాని పిల్ల, రెండు నెలలు ఉంటుందేమో, నిలువుగా ఉన్న రాతి మీద నాలుగు గిట్టలూ అరచేయంత చోటులో కూడదీసుకుని నిలబడింది. మా అమ్మాయి ఊపిరి బిగబట్టింది. పిల్ల ఒక్క దూకులో తల్లి కడుపు కిందికి దూరి పాలు తాగసాగింది.

అక్కడున్న గార్డు ముదువాన్. తమిళంలో పలకరించాను. "అన్నా, మా తాత దొరల కాలంలో ఇక్కడే వాచర్" అన్నాడు. వాళ్ళ పూర్వీకులు పిల్లల్ని వీపున కట్టుకుని మదురై నుంచి ఈ కొండలెక్కారట. 'ముదుగు' అంటే వీపు, ఆ పేరు అలా వచ్చిందట. తాత చలికాలంలో గడ్డి మీద మంచు పేరుకున్నా కంబళి కప్పుకుని రాత్రుళ్ళు తిరిగేవాడని, దొంగవేటగాళ్ళ అడుగుజాడలు చూసి కబురు పెట్టేవాడని చెప్పాడు.

సాయంత్రం క్లబ్బుకి వచ్చి ఆ టోపీల గోడ మళ్ళీ చూశాను. ఈసారి ఒక్కొక్క పేరూ చదివాను. ముదువాన్ పేరు ఒక్కటీ లేదు. మర్నాడు పార్కు గేటు దాకా ఆటోలో వెళ్ళి, ఆ గార్డు డ్యూటీ దిగేదాకా ఆగి, తాత పేరు అడిగి నా డైరీలో రాసుకున్నాను.