క్లారినెట్ కోసం జెనోవా దాకా

జర్మనీలో చదువుకుంటున్న మా అబ్బాయి అక్కడి యూనివర్సిటీ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. పోయిన చలికాలం వాళ్లకు ఇటలీ జాతీయగీతం నేర్పారట. "నాన్నా, ఈ పాట పుట్టిన ఊరు చూద్దాం" అని ఒకటే పోరు. టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్‌ల ముందు విని అదేదో హడావిడి పాట అనుకునేవాణ్ణి నేను. సరే, జూన్ 2న వాళ్ల గణతంత్ర దినోత్సవానికి కలిసొచ్చేలా టికెట్లు తీశాం. రోమ్‌లో పరేడ్ ఉంటుంది కానీ ఆ జనంలో మాకు ఓపిక లేదు.

ముందు టురిన్. పలాజ్జో కరిన్యానో భవనంలోని రిసోర్జిమెంతో (ముక్కలుగా ఉన్న ఇటలీని ఒకటి చేసిన ఉద్యమం) మ్యూజియంలో గదుల మీద గదులు. మూడు గంటలు పెట్టుకోండి, మోకాళ్ల నొప్పులుంటే మధ్యలో కూర్చోండి. కవి మామేలి జెనోవాలో 1847లో, ఇరవై ఏళ్ల వయసులో ఈ పాట రాస్తే, దానికి బాణీ కట్టిన నొవారో ఉన్నది ఈ ఊళ్లోనే. ఆ కుర్ర మామేలి రెండేళ్లు తిరక్కుండానే రోమ్‌ను కాపాడే పోరాటంలో కాలికి గాయమై చనిపోయాడు. మా ఆవిడ అక్కడే కాసేపు ఆగిపోయింది.

జెనోవాకు రైల్లో సుమారు రెండు గంటలు. బస పాత ఊరి ఇరుకు సందుల్లో తీసుకున్నాం, అదే మేం చేసిన తప్పు. ఐదో అంతస్తు, లిఫ్టు లేదు, సూట్‌కేసులు రెండు. దిగాక సిటీ ట్యాక్స్ వేరే అడిగారు. స్టేషన్ దగ్గర లిఫ్టున్న హోటల్ తీసుకుంటే హాయి. తిండికి మాత్రం ఇబ్బంది లేదు: ఫరినాతా అంటే అచ్చంగా మన శనగపిండి అట్టే, పెద్ద పళ్లెంలో పొయ్యిలో కాలుస్తారు. పచ్చిమిరపకాయ ఒక్కటే తక్కువ.

ఒరెజీనా చర్చి కొండ మీద ఉంది, బస్సులో వెళ్లండి. 1847 డిసెంబర్ 10న పాటను జనం ముందు మొదటిసారి వినిపించింది అక్కడే. వాయించింది సెస్త్రి ఊరి బ్యాండు! అంటే ఇది మొదటినుంచీ బ్యాండు పాటే. అక్కడ చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అరగంట చాలు.

అసలు విందు జూన్ 2 సాయంత్రం. తీరం వెంట రైల్లో అరగంట వెళితే ఒక చిన్న ఊరు, చౌకులో ముప్పై మంది బ్యాండు. మనవరాలి వయసు ఫ్లూటు పిల్ల పక్కనే డెబ్బై దాటిన ట్యూబా తాత. పాట బి ఫ్లాట్‌లో మొదలైంది. "బాకాలకు, క్లారినెట్లకు చేతికొచ్చిన శ్రుతి నాన్నా" అన్నాడు వాడు. రెండో భాగంలో శ్రుతి మారి, గొంతు దించి గుసగుసగా మొదలై మెల్లగా ఊపందుకుంటుంది. నొవారో రాసిందే అలా. స్టేడియంలో అందరూ మొదటినుంచీ అరుస్తారు కనక ఆ గుసగుస నేనెప్పుడూ వినలేదు. మా పెళ్లి బ్యాండువాళ్లకైనా అంత మెల్లగా వాయించడం కష్టమే.

చివర "సీ!" అని ఒక కేక ఉంటుంది, అంటే "అవును". మామేలి కవితలో అది లేదు, నొవారో కలిపాడు. మావాడి నోట్స్‌లో మాటలే ఉండవు కాబట్టి వాడికీ తెలీదు. నోట్లో వాయిద్యం పెట్టుకున్నవాళ్లు అరవలేరుగా, ఆ పని డ్రమ్ముల పెద్దాయన చేశాడు, కర్రలు పైకెత్తి.